స్టోర్నోవే రేవులో ఎవరి బొమ్మలున్నాయి

(ఊరి గ్రంథాలయంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. "మాస్టారూ, మీరు స్కాట్లాండ్ వెళ్లొచ్చారు కదా, ఆ విశేషాలు చెప్పండి" అని మన గ్రంథాలయం వాళ్లు అడిగినప్పుడు ఎడింబరో కోట గురించి చెబుతానని అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేది చాలా చిన్న ఊరు. పేరు స్టోర్నోవే. స్కాట్లాండ్‌కి వాయవ్యంగా, సముద్రంలో, లూయిస్ అనే దీవి మీద ఉంది. జనాభా ఏడువేలు. మన మండల కేంద్రమంత కూడా ఉండదు.

మా అమ్మాయి గ్లాస్గోలో ఉంటుంది. "నాన్నా, ఇంత దూరం వచ్చి అక్కడికెందుకు? వానా, గాలీ తప్ప ఏముంది?" అంది. రైలులో ఇన్వర్‌నెస్, అక్కణ్నించి బస్సులో అల్లాపూల్, అక్కడ ఓడ ఎక్కితే రెండున్నర గంటలకు పైనే ప్రయాణం. గాలి, వాన విషయంలో అమ్మాయి చెప్పింది నిజమే. కానీ నేను వెళ్లడానికి కారణం ఇదిగో, ఈ గదిలోనే ఉంది. నా వెనకున్న బీరువాలో రెండో అర చూడండి. కడప జిల్లా కైఫియత్తులు.

పిల్లలు కూడా వచ్చారు కాబట్టి రెండు మాటలు చెబుతాను. ఒక ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ రాజు తర్వాత ఏ రాజు వచ్చాడు, పొలిమేర ఏ గుట్ట దగ్గర మలుపు తిరుగుతుంది, ఇవన్నీ కరణాలనీ పెద్దలనీ అడిగి రాయించిన కాగితాలవి. రెండొందల ఏళ్ల కిందటి మన పల్లెల కథలు మన పల్లెల మాటల్లోనే దొరుకుతాయి. వాటిని రాయించినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. ఆయన పుట్టిన ఊరే ఈ స్టోర్నోవే.

మెకంజీ 1754లో పుట్టాడు. తండ్రి ఊళ్లో వ్యాపారి, ఆ ఊరి మొదటి పోస్టుమాస్టరు కూడా. మెకంజీ కొన్నేళ్లు రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. 1783లో, ముప్పై ఏళ్లు దగ్గర పడుతుండగా, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. మళ్లీ సొంత ఊరి మొహం చూడలేదు. 1821లో కలకత్తాలో పోయాడు, అక్కడి పార్కు స్ట్రీటు శ్మశానంలో ఉన్నాడు. మధ్యలో ఆ ముప్పై ఎనిమిదేళ్లు నెల్లూరు, గుంటూరు, నిజాం సీమ, శ్రీరంగపట్నం, మైసూరు, జావా తిరిగాడు. చివరికి మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

నేను ఓడ దిగి సామాను గదిలో పడేసి మొదట వెతికింది ఆయన విగ్రహం. లేదు. స్టోర్నోవేలో మెకంజీకి విగ్రహం లేదు.

కాసేపు నిజంగా బాధేసింది. తర్వాత, సరే ఈయనది లేదు, మరి ఎవరివి ఉన్నాయి అని చూడటం మొదలుపెట్టాను. మూడు రోజులు అదే పని. ఏదైనా ఊరికి వెళితే అక్కడి బొమ్మల దగ్గర నిలబడి మూడు ప్రశ్నలు అడగాలని నా విద్యార్థులకు ముప్పై ఏళ్లు చెప్పాను. ఎవరు పెట్టించారు? ఎవరి డబ్బుతో? ఎన్నేళ్లకి? స్టోర్నోవేలో ఆ మూడు ప్రశ్నలకీ దొరికిన జవాబులే ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

రేవులో ఓ ఆడమనిషి కంచు బొమ్మ ఉంది. రాణి కాదు, దొరసాని కాదు. చేపలు కోసే అమ్మాయి. హెర్రింగ్ అని ఓ చేప, మన కవళ్ల కుటుంబానిదే, కాస్త పెద్దది. వందేళ్ల కిందట ఈ రేవు బతుకంతా ఆ చేప మీదే. పడవలు తెచ్చిన చేపని కోసి, పేగులు తీసి, ఉప్పు పట్టించి, చెక్క పీపాల్లో వరసలు వరసలుగా పేర్చి జర్మనీకి, రష్యాకి పంపేవాళ్లు. ఆ కోత పనంతా ఆడపిల్లలదే. పదిహేను పదహారేళ్ల వాళ్లు కూడా ఉండేవాళ్లు. ముగ్గురు ఒక జట్టు. ఇద్దరు కోస్తారు, ఒకరు పీపాలో పేరుస్తారు. చేప గుంపులు ఎటు పోతే పడవలు అటు, పడవల వెంట వీళ్లు. ఇక్కడ మొదలుపెట్టి షెట్లాండ్ దీవులు, విక్, పీటర్‌హెడ్, అలా తూర్పు తీరం దిగుతూ ఇంగ్లండులో యార్మత్ దాకా. సామానంతా ఒక చెక్క పెట్టెలో. మన పాలమూరు కూలీల వలస తెలిసినవాళ్లకి ఆ బతుకు వేరే చెప్పక్కర్లేదు.

వాళ్ల చేతుల గురించి చెప్పాలి. కత్తి చాలా చిన్నది, పొట్టిది, ఆ దీవి వాళ్ల గేలిక్ భాషలో కూటాగ్ అంటారు. చేప జారుతుంది, కత్తి పదును, పని వేగం. నిమిషానికి యాభై అరవై చేపలు కోసేవాళ్లు ఉండేవాళ్లట. అందుకని పొద్దున్నే పనికి ముందు ఒక్కో వేలికీ పాత బట్ట పేలిక చుట్టి దారంతో కట్టుకునేవాళ్లు. అయినా తెగేది. తెగినచోట ఉప్పు దిగేది. ఆ పుండు మీదే మర్నాడు మళ్లీ పేలిక. పని లేని వేళ నడుస్తూ మాట్లాడుకుంటూ అవే వేళ్లతో ఉన్ని అల్లేవాళ్లు. బొమ్మ ముందు నిలబడి నేను ఎక్కువసేపు చూసింది వేళ్లనే. మా అమ్మమ్మ పొగాకు బేరన్ దగ్గర ఆకు గుచ్చేది. ఆవిడ వేళ్లు గుర్తొచ్చాయి.

ఆ వ్యాపారం మొదటి ప్రపంచ యుద్ధంతో, రష్యా విప్లవంతో చితికిపోయింది. ఆ అమ్మాయిలు ముసలమ్మలై, చాలామంది పోయాక గానీ రేవులో బొమ్మ లేవలేదు. అంటే పని చేసిన కాలానికీ బొమ్మ వచ్చిన కాలానికీ మధ్య దాదాపు ఒక జీవితకాలం.

రేవుకి అవతలి గట్టున కోట కనిపిస్తుంది. లూస్ కాసిల్. పేరుకి కోట గానీ యుద్ధాలు చూసిన కోట కాదు, కోట ఆకారంలో కట్టించుకున్న బంగళా. దాని చుట్టూ చిక్కటి తోపు. ఈ దీవిలో ఎటు చూసినా చెట్టు లేని చిత్తడినేల, గడ్డి, బండలు. ఒక్క ఇక్కడ మాత్రం అడవి. ఎలాగంటే, బయటి నుంచి ఓడల మీద మట్టి తెప్పించి మరీ నాటించారు.

అంత డబ్బు ఎక్కడిది? ఇక్కడ మనం కాస్త ఆగాలి. ఆ డబ్బులో మన దేశం ఉంది.

కోట కట్టించినాయన సర్ జేమ్స్ మాథెసన్. కుర్రతనంలో కలకత్తా వచ్చి బంధువుల కంపెనీలో పనిచేశాడు. తర్వాత చైనా వెళ్లి జార్డిన్ అనే వ్యాపారితో కలిసి 1832లో జార్డిన్ మాథెసన్ కంపెనీ పెట్టాడు. వాళ్ల ప్రధాన సరుకు నల్లమందు. బెంగాల్లో, బీహార్లో రైతులు పండించిన గసగసాల పాలు గడ్డకట్టి నల్లమందు అయ్యేది. కలకత్తాలో వేలం వేసేవాళ్లు. అక్కణ్నించి ఓడల్లో చైనా తీరానికి. చైనా ప్రభుత్వం వద్దన్నా ఆగలేదు. చివరికి యుద్ధమే జరిగింది. ఆ లాభంతో మాథెసన్ 1844లో లూయిస్ దీవి మొత్తాన్ని కొన్నాడు. అవును, దీవి మొత్తం. పొలాలు, ఊళ్లు, అందులో కౌలుకున్న మనుషులతో సహా. ధర లక్షా తొంభై వేల పౌన్లు.

ఆయన గురించి రెండు మాటలూ చెబుతారు అక్కడ. బంగాళాదుంప తెగులు వచ్చి కరువు పడ్డప్పుడు ధాన్యం తెప్పించి పంచాడు, రోడ్లు వేయించాడు, బడులు పెట్టించాడు. అదీ నిజమే. 1850ల్లో బకాయిపడ్డ కౌలుదార్లని రెండు వేల మందికి పైగా ఓడలెక్కించి కెనడా పంపించేశాడు. ఇదీ నిజమే. ఎస్టేటు వ్యవహారాలన్నీ డొనాల్డ్ మన్రో అనే ఫ్యాక్టర్ చేతిలో ఉండేవి. ఫ్యాక్టర్ అంటే మన జమీందారీల్లో దివాను. ఊళ్లో ఉన్న పదవులన్నీ ఆయనవే. ఎదురు మాట్లాడితే భూమి పీకేస్తానని బెదిరింపు.

మాథెసన్ 1878లో పోయాడు. రెండేళ్లలో ఆయన భార్య కోట ఆవరణలో స్మారకం కట్టించింది. రెండేళ్లంటే రెండేళ్లే. చేపల అమ్మాయిల బొమ్మతో పోల్చుకోండి.

కానీ ఆయన బతికుండగానే, 1874లో, పక్కన బెర్నెరా దీవి రైతులు ఎదురు తిరిగారు. మందలు మేపుకునే బీడు ఒకటికి రెండుసార్లు లాక్కోబోతే ఒప్పుకోలేదు. మన్రో యాభైకి పైగా ఇళ్లకి ఖాళీ చేయమని నోటీసులు పంపాడు. జరిగిన గొడవలో నోటీసులిచ్చిన వాళ్లలో ఒకరి కోటు చినిగింది. ఆ చినిగిన కోటు మీద ముగ్గురు రైతుల మీద కేసు. స్టోర్నోవే కోర్టులో విచారణ జరిగింది. జ్యూరీ ముగ్గుర్నీ నిర్దోషులని వదిలేసింది. పైగా విచారణలో మన్రో చేసిన పనులన్నీ బయటపడి ఆయన పదవులు ఊడాయి. స్కాట్లాండ్ కొండ ప్రాంతాల రైతులు కోర్టులో గెలిచిన మొదటి కేసుగా దీన్ని చెప్పుకుంటారు.

1888 జనవరిలో, ఊరికి తూర్పున ఐగ్నిష్ అనే చోట, భూమిలేని జనం ఒక పెద్ద ఫారం మీదకి వెళ్లి పశువుల్ని తోలేయబోతే సైన్యాన్ని దించారు. చాలామందిని అరెస్టు చేసి ఎడింబరో తీసుకెళ్లి జైలుశిక్షలు వేశారు. అక్కడ ఇప్పుడు రాళ్లతో కట్టిన స్మారకం ఉంది. నేను బస్సులో వెళ్లి చూశాను. 1990ల్లో, అంటే నూరేళ్ల తర్వాత, ఈ భూమి పోరాటాలు జరిగిన చోట్ల ఇలాంటివి కట్టారు. విగ్రహం కాదు. ఎవరి మొహమూ లేదు. ఆ నేలలో దొరికే రాయినే పేర్చారు. మన తెలంగాణ పల్లెల్లో ఎర్రటి అమరవీరుల స్థూపాలు చూశారుగా, చూడటానికి ఆ తీరు కాదు గానీ, నా మనసు అక్కడికే పోయింది.

సరే, కోటలోకి వద్దాం. మాథెసన్ల తర్వాత 1918లో లార్డ్ లీవర్‌హ్యూమ్ కొన్నాడు. సన్‌లైట్ సబ్బు తయారు చేసిన దొర ఈయనే. సన్‌లైట్ మనకీ తెలిసిన సబ్బే. స్టోర్నోవేని పెద్ద చేపల పరిశ్రమ పట్నం చేస్తానన్నాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు మాత్రం మాకు ఉద్యోగం కాదు, భూమి కావాలన్నారు. ఫారాలు ఆక్రమించారు. చివరికి లీవర్‌హ్యూమ్ విసిగి, 1923లో భూమిని జనానికే దానమిస్తానన్నాడు. దీవిలో తక్కిన పేటలు భయపడి వద్దన్నాయి. స్టోర్నోవే ఒక్కటే పుచ్చుకుంది. ఆ ట్రస్టు ఇప్పటికీ నడుస్తోంది. ఊరి భూమికి ఊరివాళ్లే ఎన్నుకున్న ధర్మకర్తలు. అదే ఏడు ఏప్రిల్లో మెటగామా అనే ఓడ మూడొందల మంది దాకా పడుచువాళ్లని ఎక్కించుకుని ఇదే రేవు నుంచి కెనడా వెళ్లిపోయింది. ఒక చేత్తో భూమి వచ్చింది, ఇంకో చేత్తో పిల్లలు పోయారు.

కోట పక్కనే ఇప్పుడు మ్యూజియం ఉంది. అందులో నేను అరగంట కదలకుండా నిలబడ్డది ఆరు చదరంగం పావుల ముందు. ఈ దీవిలో ఊయిగ్ అనే చోట 1831 నాటికి ఇసుకలో బయటపడ్డ కుప్పలోవి. మొత్తం తొంభై మూడు వస్తువులు. వాల్రస్ దంతంతో పన్నెండో శతాబ్దంలో చెక్కినవి, బహుశా నార్వేలో. ఎక్కువ భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, పదకొండు ఎడింబరోలో, ఆరు మాత్రం అరువు మీద ఇక్కడ. రాణి చెంపకి చెయ్యి ఆనించుకుని ఏదో దిగులుతో కూర్చుని ఉంటుంది. బొటనవేలంత బొమ్మలో అంత దిగులు ఎలా చెక్కారో! ఇంకో విషయం. మన చదరంగంలో మంత్రి ఉండేచోట వాళ్లకి రాణి, శకటు ఉండేచోట బిషప్. మన దగ్గర పుట్టిన ఆట పర్షియా, అరబ్బు దేశాలు దాటి ఈ దీవికి చేరేసరికి మంత్రి రాణి అయ్యాడు, ఏనుగులూ శకటాలూ పోయి పాదిరీలు, డాళ్లు పట్టుకున్న భటులు వచ్చారు. పిల్లలు ఇంటికెళ్లి ఇంటర్నెట్లో లూయిస్ చెస్ పావులు అని వెతకండి. డాలుని పళ్లతో కొరుకుతున్న భటుణ్ని తప్పకుండా చూడండి.

ఇదే మ్యూజియంలో 2017లో మెకంజీ సేకరణ మీద ఒక ప్రదర్శన పెట్టారు. లండన్ నుంచి వస్తువులూ బొమ్మలూ అరువు తెచ్చి ఆయన పుట్టిన ఊళ్లో చూపించారు. నేను ఆలస్యంగా వెళ్లాను, అది అయిపోయింది. మెకంజీ సంగతి మళ్లీ చెబుతాను.

ఊళ్లో ఇంకో మెకంజీ ఉన్నాడు, పొరపాటు పడకండి. అలెగ్జాండర్ మెకంజీ, కెనడాని అడ్డంగా దాటి 1793లో పసిఫిక్ సముద్రం చేరినాయన. ఆయన పుట్టిన ఇల్లు ఉన్న చోట ఇప్పుడు చర్చి ఉంది. కెనడాలో ఒక మహానదికి ఆయన పేరే పెట్టారు. రేవుకి అవతల ఆర్నిష్ దగ్గర లైట్‌హౌసు ఉంది. ఆ దీపం సంగతి ఇప్పుడు చెప్పబోయే కథలో వస్తుంది.

ఈ కథ కోసమే నేను మీ టైము ఇంతసేపు తీసుకున్నాను.

ఊరి వెనక గొర్రెపిల్లల గుట్ట అని చిన్న గుట్ట. దాని మీద ఇరవై ఆరు మీటర్ల బురుజు. యుద్ధ స్మారకం, 1924లో లీవర్‌హ్యూమ్ తెరిచాడు. దీవిలో ఉన్న నాలుగు పేటల నుంచీ కనిపించే చోటని ఆ గుట్టని ఎంచుకున్నారు. చనిపోయినవాళ్ల పేర్ల పలకలు మొదట లోపల ఉండేవి, ఇప్పుడు బురుజు చుట్టూ రాళ్ల మీద ఉన్నాయి. ముప్పై వేల లోపు జనాభా ఉన్న దీవి మొదటి యుద్ధంలో వెయ్యి మందికి పైగా పోగొట్టుకుంది. మెక్‌లాయిడ్, మెక్‌డొనాల్డ్, మోరిసన్, మళ్లీ మెక్‌లాయిడ్. నాలుగైదు ఇంటిపేర్లే తిరిగి తిరిగి వస్తాయి. పేరు పక్కన ఊరి పేరు లేకపోతే ఎవరు ఎవరో తెలీదు.

ఆ పేర్లలో కొన్నింటి పక్కన తేదీ చూస్తే యుద్ధం అప్పటికే అయిపోయింది. 1919 జనవరి 1.

1918 నవంబరులో యుద్ధం ఆగింది. లూయిస్ కుర్రాళ్లు ఎక్కువమంది నౌకాదళంలో ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత, కొత్త సంవత్సరానికి ఇంటికి వస్తున్నారు. అక్కడ క్రిస్మస్ కంటే కొత్త సంవత్సరమే పెద్ద పండగ. డిసెంబరు 31న రైళ్లలో కైల్ రేవుకి చేరారు. రోజూ నడిచే ఓడ నిండిపోయింది. మిగిలినవాళ్ల కోసం నౌకాదళం వాళ్లు యొలేర అనే ఓడ ఇచ్చారు. యొలేర అంటే గేలిక్‌లో గద్ద. షికారు ఓడగా కట్టింది, చిన్నది. రెండే లైఫ్ బోట్లు, ఎనభై లైఫ్ జాకెట్లు. ఎక్కింది దాదాపు 280 మంది.

చీకటి, గాలి. అర్ధరాత్రి ఓడలోనే కొత్త సంవత్సరం వచ్చింది. ఆర్నిష్ దీపం కనిపిస్తోంది. అది కనిపిస్తే ఊరొచ్చేసినట్టే. ఇళ్లలో తల్లులు, భార్యలు పొయ్యి ఆరకుండా పీట్ వేస్తున్నారు. పీట్ అంటే ఆ చిత్తడినేల నుంచి కోసి ఎండబెట్టిన మట్టి పెళ్లలు, వాళ్ల వంటచెరుకు. టీ నీళ్లు కాగుతున్నాయి. తడిసి వస్తాడని పొడిబట్టలు పొయ్యి దగ్గర ఆరేశారు.

రెండు కావొస్తుండగా ఓడ దారి తప్పి హోల్మ్ అనే చోట బండలకి కొట్టుకుంది. ఊరి రేవు నోటికి మైలు దూరం కూడా లేదు. ఒడ్డుకి ఇరవై గజాలు! ఈ గది గుమ్మం నుంచి ఆ రోడ్డు మీద కిళ్లీ కొట్టు ఉంది చూడండి, అంత. నాలుగేళ్లు టార్పెడోలనీ మైన్లనీ తప్పించుకున్నవాళ్లు సొంత ఊరి దీపాలు చూస్తూ మునిగిపోయారు. 201 మంది. బతికింది 79 మంది.

ఆ 79లో నలభై మంది ఒక తాడు వల్ల బతికారు. జాన్ మెక్‌లాయిడ్ అని నెస్ ప్రాంతం వాడు, పడవలు చేసే వడ్రంగి, ఒక సన్న తాడు పట్టుకుని దూకి ఆ అలల్లో ఒడ్డెక్కాడు. ఆ తాడుతో పెద్ద మోకు లాగారు. దాన్ని పట్టుకుని ఒకరి వెనక ఒకరు వచ్చారు. డొనాల్డ్ మోరిసన్ అని ఇంకో కుర్రాడు తెరచాప స్తంభాన్ని కరుచుకుని తెల్లారేదాకా అలాగే ఉన్నాడు. పొద్దున్నే ఒడ్డున శవాలతో పాటు, నాన్నలు పిల్లల కోసం కొనుక్కొస్తున్న ఆటబొమ్మలు కూడా కొట్టుకొచ్చాయని చెబుతారు. తండ్రులు, అన్నలు బండ్లు కట్టుకుని వచ్చి, పేరు వెతుక్కుని, శవపేటిక వేసుకుని వెనక్కి వెళ్లారు. దాదాపు మూడోవంతు మంది దొరకనే లేదు.

ఓడ ఎందుకు దారి తప్పిందో చెప్పడానికి దాని అధికారి ఒక్కడూ మిగల్లేదు. విచారణలో తేలింది లేదు. ఇంకా శవాలు దొరక్కముందే, నెల తిరగకముందే, ఆ ఓడ శిథిలాన్ని అమ్మకానికి పెట్టారు. ఇది చదివినప్పుడు నాకు చేతులు వణికాయి.

తర్వాత? తర్వాత మౌనం. బతికొచ్చినవాళ్లు మాట్లాడలేదు. చనిపోయినవాడి తల్లి పక్కింట్లోనే ఉంటే బతికినవాడు ఏమని చెబుతాడు? పిల్లలకి, మనవలకి కూడా చెప్పని ఇళ్లు చాలా ఉన్నాయట. హోల్మ్ దగ్గర ఒక స్మారక స్తంభం నిలబెట్టింది 1958లో. ముప్పై తొమ్మిదేళ్లకి.

నూరేళ్లు నిండే సమయానికి, 2018లో, ఊరి రేవులో, ఆటుపోటు వచ్చిపోయే ఒడ్డున, ఒక పని చేశారు. ఆ ఓడ ఎంత పొడవుందో అంత పొడవునా, ఓడ ఆకారంలో కొయ్య గుంజలు పాతారు. ఒక్కో మనిషికి ఒక్కో గుంజ. రాత్రి వాటికి దీపాలు వెలుగుతాయి. నేను సాయంత్రం అక్కడ బెంచీ మీద కూర్చున్నాను. నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి, గుంజలు బురదలో నిలబడి ఉన్నాయి. పోటు మొదలైంది. నీళ్లు ఒక గుంజ మొదలు తాకి, పక్కదానికి పోయి, అలా ఒకదాని తర్వాత ఒకటి. పక్కన ఒక పెద్దావిడ కుక్కని తిప్పుతూ ఆగింది. ఎక్కణ్నించి వచ్చారని అడిగితే ఇండియా అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని గుంజల వైపు చూపించి, మా తాతయ్య తమ్ముడు అందులో ఉన్నాడు అంది. ఉన్నాడు అంది, "పోయాడు" అనలేదు.

మర్నాడు హోల్మ్ వెళ్లాను. ఊరి చివర బస్సు దిగి, గడ్డిలో కాలిబాట. 1958 నాటి స్తంభం ఉంది. దాని దగ్గరే 2019 జనవరి 1న తెరిచిన కంచు శిల్పం. అది మనిషి బొమ్మ కాదు. చుట్ట చుట్టిన తాడు. మెక్‌లాయిడ్ పట్టుకుని దూకిన తాడు. కంచులో తాడు పురి కూడా తెలుస్తుంది. వంగి చెయ్యి వేశాను, చల్లగా తడిగా ఉంది. ఎదురుగా బండలు. నేను చిన్నప్పుడు రాళ్లేసి ఆడుకున్నంత దూరంలో.

ఆ ఊళ్లో ఎన్నో బొమ్మలు చూశాను. నాకు ఆ తాడు మించింది ఏదీ అనిపించలేదు.

(ఈ సమయంలో సభలో ఒకరు, "మరి మెకంజీకి అక్కడ విగ్రహం పెట్టాలంటారా?" అని అడిగారు.)

మంచి ప్రశ్న. నేను తిరిగొచ్చే ఓడలో అదే ఆలోచిస్తూ వచ్చాను. విగ్రహం సంగతి చెప్పే ముందు మీకొక బొమ్మ గురించి చెప్పాలి. 1816లో థామస్ హిక్కీ అనే చిత్రకారుడు మెకంజీని చిత్రించాడు. అది లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎర్రకోటు వేసుకుని మెకంజీ నిలబడి ఉంటాడు. కానీ ఒక్కడే లేడు. పక్కన ముగ్గురు మనవాళ్లు ఉంటారు. అందులో ఒకాయన తాటాకు ప్రతి పట్టుకున్న పండితుడు. ఒకడు దూరదర్శిని పట్టుకున్న బంట్రోతు. వెనక దూరంగా కొండ మీద కార్కళ గోమటేశ్వరుడు. ఆ రోజుల్లో దొరలు చిత్రాలు వేయించుకునేటప్పుడు నౌకర్లని పెట్టుకోవడం మామూలే. ఇక్కడ ఆయన పెట్టుకున్నది తనకి చదివి చెప్పినవాళ్లని.

ఆ చిత్రంలో లేని ఒకాయన ఉన్నాడు. కావలి వెంకట బొర్రయ్య. ఏలూరు నియోగి కుర్రాడు. 1790ల్లో మెకంజీ దగ్గర చేరాడు. మెకంజీకి తెలుగు రాదు, సంస్కృతం రాదు. ఊళ్లకి వెళ్లి, శాసనాలు చదివి, పెద్దల్ని మాట్లాడించి, కాగితం మీద పెట్టిన పద్ధతి బొర్రయ్యది. మన దేశపు విద్యల్లోకి నాకు తలుపు తెరిచింది ఆయనే అని మెకంజీ స్వయంగా రాసుకున్నాడు. 1803లో, ఇరవై ఏడేళ్లకే బొర్రయ్య పోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని చేతిలోకి తీసుకున్నాడు. మెకంజీ పోయేనాటికి పోగైనవి చూడండి. శాసనాలు 8,076. నాణేలు 6,218. ఊళ్ల చరిత్రలు రెండు వేలకు పైగా. అమరావతి స్తూపాన్ని ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వేస్తుంటే వెళ్లి చూసి, 1816లో మళ్లీ మనుషుల్ని పెట్టి ఒక్కో పలకనీ గీయించాడు. తర్వాత పోయిన పలకలు ఎన్నో. వాటికి ఆ గీతలే మిగిలాయి.

ఆయన కంపెనీ మనిషి కాదని నేను అనను. శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. సర్వే అంటే శిస్తు కట్టించుకోవడానికి కూడా. అయినా ఆయన అడిగించి రాయించకపోతే మన ఊరి చెరువు ఎవరు తవ్వించారో ఈరోజు మనకి తెలీదు.

అందుకని నాకు తోచింది ఇది. అక్కడ మెకంజీ ఒక్కడి విగ్రహం వద్దు. రేవులో, ఆయన కస్టమ్స్ ఉద్యోగం చేసిన చోటికి దగ్గర్లో, ఒక చిన్న రాతి పలక చాలు. దాని మీద కాలిన్ మెకంజీ, కావలి వెంకట బొర్రయ్య, కావలి వెంకట లక్ష్మయ్య. మూడు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో. ఇంగ్లీషులో, గేలిక్‌లో, తెలుగులో. ఊరి భూమి ఊరివాళ్ల ట్రస్టుదే కాబట్టి అడగడానికి ఎవరున్నారో మనకి తెలుసు.

ఉత్తరం రాశాను. మా అమ్మాయి ఇంగ్లీషు సరిచేసింది. తెలుగు ప్రతి ఈ బల్ల మీద ఉంది, కళ్లజోడు తెచ్చుకోని వాళ్లకి మన లైబ్రేరియన్ గారు చదివి వినిపిస్తారు. బాగుందనిపిస్తే సంతకం పెట్టండి. పేరు పక్కన మీ ఊరి పేరు కూడా రాయండి. సోమవారం పోస్టు చేస్తాను.